ట్యూబింగెన్: ప్రహరీ లేని విశ్వవిద్యాలయం

నమస్కారం. జర్మనీలో చదువు అనగానే మనవారి నోట ముందుగా వచ్చేవి మ్యూనిక్, బెర్లిన్, ఆఖెన్ వంటి పేర్లే. ఈ రోజు మనం నడవబోయే ట్యూబింగెన్ వాటి పక్కన చాలా చిన్నది. స్టుట్‌గార్ట్ నుంచి దక్షిణంగా రైలెక్కితే గంటలో చేరుకోగలిగిన ఈ పట్టణం నెక్కార్ నది ఒడ్డున ఉంది. ఇక్కడి జనాభా సుమారు 90 వేలు, అందులో విశ్వవిద్యాలయ విద్యార్థులే దాదాపు 28 వేల మంది. వీధిలో ఎదురయ్యే ప్రతి ముగ్గురిలో ఒకరు విద్యార్థి అనుకుంటే పెద్దగా తప్పు ఉండదు.

రైలు దిగి విశ్వవిద్యాలయం ఎటువైపు అని ఎవరినైనా అడిగితే, ఏ విభాగం అని వారే మనల్ని ఎదురు ప్రశ్న వేస్తారు. విశ్వవిద్యాలయం అంటే ఒక ప్రహరీ, ఒక పెద్ద తోరణం, గేటు దగ్గర ఒక కాపలాదారు అని అలవాటుపడిన మన కళ్లకు ఇక్కడ అవేవీ కనిపించవు. తత్వశాస్త్రం ఒక పాత వసతి గృహంలో, పురావస్తు శాస్త్రం కొండ మీది కోటలో, వైద్యశాలలు మరో కొండ మీద, ప్రధాన గ్రంథాలయం విల్‌హెల్మ్ వీధిలో ఉంటాయి. ట్యూబింగెన్‌కు విశ్వవిద్యాలయం లేదు, ట్యూబింగెనే విశ్వవిద్యాలయం అని ఇక్కడ ఒక మాట వాడుకలో ఉంది. మొదట విన్నప్పుడు ఊరివారి గొప్పలనుకున్నాను గానీ, రెండు రోజులు ఈ రాళ్లు పరిచిన వీధుల్లో ఎక్కి దిగాక ఆ మాటను అక్షరాలా నమ్మవలసి వచ్చింది. ఇక్కడ పాత కట్టడాలను తాళం వేసి చూపించరు, వాటిలోనే పాఠాలు చెబుతారు. నేటి నడకలో మీకు చూపించాలనుకుంటున్నది ముఖ్యంగా అదే.

విశ్వవిద్యాలయాన్ని 1477లో వుర్టెంబర్గ్ ప్రభువు ఎబర్‌హార్డ్ స్థాపించాడు. పొడవైన గడ్డం వల్ల చరిత్రలో ఆయనకు గడ్డపు ఎబర్‌హార్డ్ అనే పేరు స్థిరపడింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఒకటో ముప్పై రెండో. అంతకు తొమ్మిదేళ్ల ముందు జెరూసలేం యాత్ర చేసి వచ్చిన గుర్తుగా ఖర్జూర చెట్టును, దానితో పాటు 'అటెంప్టో' అనే లాటిన్ మాటను తన చిహ్నంగా పెట్టుకున్నాడు. సాహసిస్తున్నాను అని దాని అర్థం. ఆ చెట్టూ ఆ మాటా ఈనాటికీ విశ్వవిద్యాలయంతోనే ఉన్నాయి. అయితే అదే 1477 స్థాపన పత్రంలో, యూదులను ఈ ఊళ్లో ఉండనివ్వరాదన్న ఆజ్ఞ కూడా ఉందన్న సంగతిని చెప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదు. చదువుల తల్లిని ఆహ్వానించిన చేతితోనే ఇరుగుపొరుగును వెళ్లగొట్టారు. యూదుల వీధి అనే పేరు మాత్రం పాత ఊళ్లో మిగిలిపోయింది. తరువాతి కాలంలో తిరిగి వచ్చి స్థిరపడినవారు గార్టెన్ వీధిలో కట్టుకున్న ప్రార్థనా మందిరాన్ని 1938 నవంబరులో నాజీలు తగులబెట్టారు. ఆ స్థలంలో నేడు ఒక స్మారకం ఉంది.

ఇప్పుడు మనం నెక్కార్ వంతెన మీద ఉన్నాం. పోస్టుకార్డుల మీద మీరు చూసిన దృశ్యం ఇదే. నది అంచునే పసుపు, గులాబీ, లేత నీలం రంగుల్లో ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన నిటారు పైకప్పుల ఇళ్లు, వాటి వెనుక క్రైస్తవ దేవాలయ శిఖరం, నీళ్ల మీదికి జాలువారే విల్లో చెట్లు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో జర్మన్ నగరాలు నేలమట్టమైనా, ఈ పాత ఊరు దాదాపు చెక్కుచెదరకుండా బయటపడింది. అందువల్ల ఇక్కడ కనబడే పాతదనం తిరిగి కట్టుకున్నది కాదు. నది మధ్యలో పొడవాటి దీవి, దాని మీద రెండు వరుసల ప్లేన్ చెట్ల బాట ఉన్నాయి. ఎండ కాస్తే చాలు, అడ్డుగోడ మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న విద్యార్థులతో ఒడ్డంతా నిండిపోతుంది. చేతిలో పుస్తకం ఉంటుంది. చదువుతున్నారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఆ ఇళ్ల వరుసలో నీటి అంచున గుండ్రంగా కనిపించే పసుపు బురుజు హోల్డర్లిన్ నివాసం. జర్మన్ కవుల్లో అగ్రగణ్యుడైన ఫ్రీడ్రిక్ హోల్డర్లిన్‌కు మతి చలించిందని 1806లో ఈ ఊరి వైద్యశాలకు బలవంతంగా తీసుకువచ్చారు. మరుసటి ఏడాది, నయం కాదు, మహా అయితే మూడేళ్లు బతుకుతాడు అని చెప్పి పంపివేశారు. ఆయన నవల చదివి అభిమానించిన ఎర్న్‌స్ట్ త్సిమ్మర్ అనే వడ్రంగి తన ఇంట్లో నదివైపు గది ఇచ్చి చేరదీశాడు. మూడేళ్లన్న మనిషి ఆ గదిలో 36 ఏళ్లు జీవించి 1843లో కన్నుమూశాడు. త్సిమ్మర్ పోయాక ఆయన కుమార్తె కవి బాధ్యత చూసుకుంది. వైద్యులు వదిలేసిన కవిని ఒక వడ్రంగి కుటుంబం సాకిన ఈ కథ నాకు ఈ ఊరి తత్వశాస్త్ర చరిత్ర మొత్తం కంటే బరువైనదిగా తోస్తుంది. మొదటి బురుజు 1875లో కాలిపోయింది. మనం చూస్తున్నది ఆ తరువాత కట్టినది. కాస్త పైకి వెళితే, ఆయనను ఉంచిన వైద్యశాల భవనం కనిపిస్తుంది. బుర్సా అని పిలిచే ఆ కట్టడం విశ్వవిద్యాలయం పుట్టిన తొలినాళ్లలో విద్యార్థుల వసతి గృహం, తరువాత ఆసుపత్రి, ఇప్పుడు తత్వశాస్త్ర, కళాచరిత్ర విభాగాల నెలవు.

అక్కడికి సమీపంలోనే, పూర్వం అగస్టీనియన్ సన్యాసుల మఠంగా ఉన్న చోట, ష్టిఫ్ట్ అనే వసతి గృహం ఉంది. ప్రొటెస్టంటు మతబోధకులను తయారుచేయడానికి 1536లో ఉల్‌రిక్ ప్రభువు దీన్ని ఏర్పాటు చేశాడు. తెలివైన పేద పిల్లలకు ప్రభువు ఖర్చుతో తిండి, బస, చదువు దొరికేవి. మతబోధకులు తయారయ్యారు, నిజమే. వారితో పాటు, ఎవరూ అడగకుండానే, ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ కూడా తయారయ్యాడు. 1589లో ఇక్కడ చేరిన కెప్లర్‌కు గణితం, ఖగోళం చెప్పిన గురువు మిఖాయెల్ మేస్ట్లిన్. తరగతిలో అందరికీ భూమి చుట్టూ సూర్యుడు తిరిగే టాలెమీ విధానాన్నే బోధిస్తూ, ఆసక్తి ఉన్న శిష్యులకు కోపర్నికస్ సిద్ధాంతాన్ని కూడా వివరించేవాడాయన. పాఠ్యప్రణాళికలో లేని ఆ పాఠం ఎంత దూరం వెళ్లిందో మనకు తెలుసు. రెండు శతాబ్దాల తరువాత ఇదే ష్టిఫ్ట్‌లో తరువాత తత్వవేత్తగా పేరుపొందిన హెగెల్, మన కవి హోల్డర్లిన్ 1788లోనూ, పదిహేనేళ్ల వయస్సులోనే ప్రత్యేక అనుమతితో మరో తత్వవేత్త షెల్లింగ్ 1790లోనూ చేరారు. ముగ్గురూ కొంతకాలం ఒకే గదిలో ఉన్నారు. పక్క దేశంలో ఫ్రెంచి విప్లవం రగులుతున్న రోజులవి. మతబోధకుడు కావడానికి వచ్చిన ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆ వృత్తి చేపట్టలేదు. ష్టిఫ్ట్ నేటికీ వసతి గృహమే. కిటికీలో ఆరవేసిన తువ్వాలు చూసి, అది ఎవరి గది వారసుడిదో అనుకుంటూ నడిచాను.

కెప్లర్ పేరు వచ్చింది కనుక విల్‌హెల్మ్ షికార్డ్‌ను కూడా తలచుకోవాలి. ఇక్కడ హీబ్రూ భాషా ఆచార్యుడైన ఆయన 1623లో పళ్లచక్రాలతో ఒక లెక్కల యంత్రం తయారుచేశాడు. ఆరంకెల సంఖ్యలను అది కూడగలదు, తీసివేయగలదు. ఫలితం ఆరంకెలు దాటితే గంట మోగేది. కెప్లర్ కోసం చేయిస్తున్న రెండో యంత్రం అగ్నిప్రమాదంలో కాలిపోయిందని ఆయన 1624లో ఉత్తరం రాశాడు. ఆ తరువాత ప్లేగు ఆయన కుటుంబాన్నీ, 1635లో ఆయననూ తీసుకుపోయింది. యంత్రం సంగతి లోకం మరచిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో పాత కాగితాల్లో బొమ్మలు బయటపడ్డాక, 1960 ప్రాంతంలో ఈ విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకరు వాటిని అనుసరించి యంత్రాన్ని మళ్లీ తయారుచేయించారు. పాస్కల్ యంత్రమే మొట్టమొదటిదని బడిలో చదువుకున్నవారికి ఇది చిన్న సవరణ.

సంత కూడలికి వచ్చాం. పట్టణ సభా భవనం 1435 నాటిది. దాని నుదుటన ఉన్న ఖగోళ గడియారాన్ని యోహానెస్ ష్టోఫ్లర్ అనే గణిత ఆచార్యుడు 1511లో రూపొందించాడు. ఇక్కడి నుంచి ప్రధాన దేవాలయం వైపు దిగితే ముంట్స్ వీధి వస్తుంది. దేవాలయం ఎదుట ప్రచురణకర్త కోట్టా ఇంటి గోడ మీద, 1797లో మహాకవి గ్యోటె ఇక్కడ బస చేశాడని గంభీరమైన ఫలకం ఉంది. దానికి ఆనుకుని ఉన్న విద్యార్థుల ఇంటి గోడ మీద మరో బోర్డు ఉంది. అందులో రాసింది, మర్యాదగా అనువదించాలంటే, గ్యోటె ఇక్కడ వాంతి చేసుకున్నాడు అని. మొదటి ఫలకం ముందు నిలబడినవారి కంటే రెండో దాని ముందు ఫోటోలు దిగేవారే ఎక్కువగా కనిపించారు. ఆ వీధిలోనే విశ్వవిద్యాలయపు సొంత చెరసాల కూడా ఉంది. పూర్వం విద్యార్థుల మీద ఊరి న్యాయస్థానానికి అధికారం ఉండేది కాదు. తాగి అల్లరి చేసినా, కత్తులు దూసినా విశ్వవిద్యాలయమే విచారించి, కార్ట్సర్ అనే ఈ గదుల్లో బంధించేది. 1515 నుంచి 1845 వరకు ఇక్కడ శిక్షలు నడిచాయి. గోడల మీద ఆనాటి బొమ్మలు, రాతలు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఇక కోట ఎక్కుదాం. వాలు నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు తొందరపడవద్దు. హోహెన్‌ట్యూబింగెన్ కోట విశాలమైన ప్రాంగణంలోకి ప్రవేశించగానే మీకు కనిపించేది సైకిళ్ల వరుస. ఎందుకంటే ఇక్కడ తరగతులు నడుస్తాయి. పురావస్తు విభాగాలతో పాటు ప్రదర్శనశాల కూడా ఇక్కడే ఉంది. అందులోని ఫోగెల్‌హెర్డ్ గుహ గుర్రం బొమ్మ, అంటే ఆ గుహలో దొరికిన, మామత్ అనే అంతరించిన ఏనుగు జాతి దంతంతో చెక్కినది, అయిదు సెంటీమీటర్లకు మించదు, వయస్సు మాత్రం దాదాపు 40 వేల ఏళ్లు. అది దొరికిన, ష్వేబియా అనే ఈ ప్రాంతపు కొండల గుహలను యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గుర్రం కాదు, కోట వంటిల్లు. ఆ కమాను కప్పుల వంటింటిని పందొమ్మిదో శతాబ్దంలో జీవరసాయన ప్రయోగశాలగా మార్చారు. పొయ్యిలకు పొగగొట్టాలు సిద్ధంగా ఉన్నాయి, ప్రయోగశాలకు కావలసింది అదే కదా. ఇక్కడే హోప్పె-జైలర్ అనే ఆచార్యుడు రక్తంలోని ఎర్రని పదార్థానికి 1864లో హిమోగ్లోబిన్ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి స్విట్జర్లాండ్ నుంచి ఫ్రీడ్రిక్ మీషర్ అనే యువ వైద్యుడు వచ్చాడు. శస్త్రచికిత్స వైద్యశాల నుంచి చీము పట్టిన కట్టుగుడ్డలు తెప్పించుకుని, వాటిని కడిగి, తెల్ల రక్తకణాలను వేరు చేసి, ఆ కణాల కేంద్రకాల నుంచి అంతకు ముందు ఎవరూ ఎరుగని ఒక పదార్థాన్ని 1869లో బయటికి తీశాడు. న్యూక్లియిన్ అని పేరు పెట్టాడు. మనం నేడు డిఎన్‌ఎ అంటున్నది అదే. ఫలితం ఎంత వింతగా ఉందంటే, గురువు తానే ఆ ప్రయోగాలు తిరిగి చేసి సరిచూసుకున్నాకే 1871లో ప్రచురణకు అంగీకరించాడు. కుళ్లిన గుడ్డల మధ్య, చలి వంటింట్లో ఈ పని జరిగిందని తలచుకుంటే, ప్రయోగశాలకు నిధులు రాలేదని మనం చెప్పుకునే సాకులు కాస్త చిన్నబోతాయి.

ఈ ఊరితో భారతదేశానికి ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. ఏడు సంపుటాల సెయింట్ పీటర్స్‌బర్గ్ సంస్కృత నిఘంటువును బోట్లింక్‌తో కలిసి కూర్చిన రుడోల్ఫ్ రోత్ ఇక్కడి ఆచార్యుడు, గ్రంథాలయాధికారి కూడా. అథర్వవేదంలోని పైప్పలాద శాఖకు చెందిన కాశ్మీరపు భూర్జపత్ర ప్రతి ఆయన చేతికి చేరి, ఇప్పటికీ ఇక్కడి గ్రంథాలయంలో భద్రంగా ఉంది. మరొకరు హెర్మాన్ గుండర్ట్. మలయాళ వ్యాకరణం, 1872 నాటి నిఘంటువు వల్ల కేరళలో ఇంటింటా తెలిసిన ఈ పండితుడు ట్యూబింగెన్ ష్టిఫ్ట్ విద్యార్థే. 1836లో భారతదేశానికి ఓడ ఎక్కినప్పుడు ప్రయాణంలో ఆయన పట్టుబట్టి నేర్చుకున్న భాషల్లో తెలుగు ఒకటి. కేరళ తీరానికి వెళ్లే ముందు ఆయన కొంతకాలం మన చిత్తూరులో పనిచేశాడు, 1838లో జూలీ దుబోయిని వివాహం చేసుకున్నది కూడా ఆ రోజుల్లోనే. ఆయన సేకరించిన తాళపత్రాలు, చేతిరాతలు ఈ ఊరి గ్రంథాలయం చేరాయి, వాటిని అంతర్జాలంలో ఎవరైనా చదువుకోవచ్చు. ఆయన మనుమడే నవలా రచయిత హెర్మాన్ హెస్సే. యువకుడిగా 1895 నుంచి 1899 వరకు ఈ ఊళ్లోనే, దేవాలయం పక్కనున్న హెకెన్‌హవర్ పుస్తకాల దుకాణంలో పని నేర్చుకుంటూ గడిపాడు.

ఇప్పుడు నేటి విద్యార్థుల సంగతి. మన విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఖర్చు గురించి గనుక అదే ముందు చెబుతాను. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధనా రుసుము తీసుకోవు. కానీ ట్యూబింగెన్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 శీతాకాల సెమిస్టరు నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. జర్మనీ అంతా ఉచితం అని ఎవరైనా కన్సల్టెన్సీలో చెబితే ఈ విషయం అడగండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో, చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. చదువుకుంటూ ఏడాదిలో 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. మెషీన్ లెర్నింగ్, న్యూరోసైన్స్ వంటి కొన్ని మాస్టర్స్ కోర్సులు ఇంగ్లీషులో ఉన్నాయి, మనవారు ఎక్కువగా ఆశపడేది వాటికే. అయినా గది వెతకడానికి, ఇంటివారితో మాట్లాడడానికి, కార్యాలయంలో కాగితం నింపడానికి జర్మన్ కావాలి. ఇక్కడ సీటు దొరకడం ఒక ఎత్తు, గది దొరకడం ఒక ఎత్తు. ఉన్న ఊరు చిన్నది, కొండలు అడ్డం, సెమిస్టరు మొదట్లో అందరూ ఒక్కసారే దిగుతారు. ప్రవేశ పత్రం చేతికి వచ్చిన రోజే వసతికి దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

నలుగురైదుగురు ఒకే ఇంట్లో తలా ఒక గది తీసుకుని, వంటిల్లు ఉమ్మడిగా వాడుకునే పద్ధతిని ఇక్కడ వేగే అంటారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మీకు ఎదురయ్యే మొదటి ష్వేబియా సంప్రదాయం కేర్‌వోఖె, అంటే ఊడ్పు వారం. మీ వంతు వచ్చినప్పుడు మెట్లు, నడవా, కొన్నిచోట్ల ఇంటి ముందు బాట కూడా మీరే శుభ్రం చేయాలి. వంతు ఎవరిదో తెలిపే పలక తలుపుకు వేలాడుతుంది, తప్పించుకుంటే కింది అంతస్తు పెద్దావిడ చూపే చాలు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. కాఫీకి సొంత కప్పు పట్టుకెళ్లడం లాభం, ఎందుకంటే ఒకసారి వాడి పారేసే కప్పులు, డబ్బాల మీద ఈ పట్టణం 2022 నుంచి పన్ను వేస్తోంది. ఆ పన్ను చెల్లుతుందని 2025 జనవరిలో దేశ రాజ్యాంగ న్యాయస్థానం కూడా తేల్చింది.

తరగతి గదిలో రెండు వింతలు గమనించాను. పది గంటల తరగతి అని కాలపట్టికలో ఉంటే, అది పదీ పావుకు మొదలవుతుంది. గడియారాలు అందరి దగ్గరా లేని రోజుల్లో దేవాలయపు గంట విని బయలుదేరడానికి ఇచ్చిన ఆ పావుగంట, విద్యా పావుగంట అనే పేరుతో నిలిచిపోయింది. జర్మన్ల సమయపాలన గురించి మనం వినే కథలకు ఇది ఒక చక్కని మినహాయింపు. ఉపన్యాసం ముగిశాక ఎవరూ చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద తడతారు. మొదటిసారి ఆ శబ్దం వింటే నిరసన అనుకుని కంగారుపడతారు, కానీ అది మెచ్చుకోలు.

విద్యార్థులకూ ఊరికీ మధ్య పాత వైరం కూడా ఉంది. నెక్కార్ వైపు పైఊళ్లో ఆచార్యులు, విద్యార్థులు ఉంటే, అమ్మర్ వాగు వైపు దిగువ ఊళ్లో గోగెన్ అనే ద్రాక్షతోటల రైతులు ఉండేవారు. చదువుకున్నవారి గొప్పతనాన్ని ముక్కుసూటి ముతక మాటతో ఎండగట్టే గోగెన్ జోకులు ఈనాటికీ ప్రచారంలో ఉన్నాయి. నల్ల అడవుల నుంచి దుంగలను తెప్పలుగా కట్టి నది వెంట తెచ్చేవారు వంతెన దగ్గరికి రాగానే, కిటికీల్లోంచి విద్యార్థులు వారిని యోకెలె అని పిలుస్తూ, యోకెలె, తెప్పను ఆపు అని అరుస్తూ ఏడిపించేవారు. నడిపేవారు అంతకు రెండింతలు ఘాటుగా బదులిచ్చేవారు. 1899లో చివరి తెప్ప వెళ్లిపోవడంతో ఆ తిట్ల పోటీ ముగిసింది.

తెప్పలు పోయినా, నది మీద విద్యార్థుల సందడి పోలేదు. ష్టోఖర్‌కాన్ అనే పొడవాటి, చదునైన అడుగు గల చెక్క పడవలు ఇక్కడి ప్రత్యేకత. తెడ్లు ఉండవు. వెనుక అంచున ఒకరు నిలబడి దాదాపు 7 మీటర్ల గడను నది అడుగున పొడిచి తోస్తూ నడుపుతారు, మిగిలినవారు పక్కపలకలకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుంటారు. చూడటానికి తేలికగా కనిపిస్తుంది. నేను ప్రయత్నించినప్పుడు గడ బురదలో దిగబడిపోయింది. పడవ ముందుకు వెళ్లింది, గడ అక్కడే ఉంది, ఏది వదలాలో తేల్చుకునేసరికి నడుము దాకా తడిశాను.

ఏటా మే, జూన్ నెలల్లో వచ్చే ఫ్రోన్‌లైఖ్‌నామ్ అనే క్రైస్తవ పండుగ రోజున, గురువారం మధ్యాహ్నం, ఈ పడవల పందెం జరుగుతుంది. విద్యార్థి సంఘాలు, వసతి గృహాలు, మిత్రబృందాలు తలా ఒక పడవతో దిగుతాయి. మొదట వేషాలు కట్టి ఊరేగింపుగా తేలుతారు. ఆ తరువాత అసలు పందెం, దీవి చుట్టూ తిరిగి రావాలి. వంతెన దగ్గర సూదిబెజ్జం అని పిలిచే ఇరుకు చోట అన్ని పడవలూ ఒకేసారి దూరబోయి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. గడలు గాలిలో లేస్తాయి, మనుషులు నీళ్లలో పడతారు, వంతెన మీద, ఒడ్డున వేలాది మంది కేకలు పెడతారు. గెలిచినవారికి బీరు. అందరికంటే వెనుక వచ్చిన జట్టులో ప్రతి ఒక్కరూ, జనమంతా చూస్తూండగా, అర లీటరు కాడ్ చేప కాలేయపు నూనె తాగాలి. ముక్కు మూసుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, మధ్యలో ఒకసారి నదివైపు పరుగెత్తి వచ్చి మళ్లీ గ్లాసు ఎత్తిన ఒక యువకుడిని కెమెరాలో బంధించాను, ముఖం కనబడకుండా మసకబార్చి ఇప్పుడు చూపిస్తున్నాను. నూనె తాగడంతో వారి శిక్ష పూర్తికాదు. వచ్చే ఏడాది పందెం ఏర్పాట్లన్నీ చూసుకోవలసింది కూడా ఓడిన ఆ జట్టే.